యేసుమణి టీచర్ పంతం

శంషాబాద్‌లో బుద్ధిమాంద్యం ఉన్న యువతీ యువకులకు పనులు నేర్పే కేంద్రం ఒకటి ఉంది. అక్కడ హోటల్ గదులు సర్దే పని నేర్పేది యేసుమణి టీచర్. కొంగు నడుముకు బిగించి, వాళ్లు పరిచిన దుప్పటి అంచు కింద వేలు దూర్చి చూస్తుంది. వేలు దూరిందంటే దుప్పటి మొత్తం లాగేసి, ‘‘మళ్ల పరుచు’’ అంటుంది. గొంతు మాత్రం పెంచదు. ఈ పట్టుదల ఆమెకు నిరుడు మొదలైంది. ఎయిర్‌పోర్టు దారిలోని ఒక హోటల్లో తన దగ్గర పని నేర్చుకున్న షెకీనాను పనిలో పెడితే, సూపర్‌వైజర్ మల్లేశ్వర్ వారం తిరక్కుండానే వెనక్కి పంపాడు. ‘‘ఈమె మొకం చూస్తే గెస్టులు భయపడుతరు’’ అని ఆ అమ్మాయి ముందే అన్నాడు. అతను ఎప్పుడో ఒకప్పుడు తన గుమ్మం ఎక్కాలని యేసుమణి ఆ రోజే అనుకుంది.

ఈ ఏడు పెళ్లిళ్ల సీజన్లో పనివాళ్లు దొరక్క మల్లేశ్వర్ నిజంగానే వచ్చాడు. ఆమె అతన్ని కూర్చోబెట్టి, షెకీనా చేత మంచం సర్దించింది. ముడత లేని దుప్పటిని తడిమి చూసి, ‘‘రేపే పంపుండ్రి మేడం’’ అన్నాడతను.

‘‘అప్పుడు ఈమెను ఏమన్నరో, జర మళ్ల చెప్పుండ్రి. వింటది.’’

మల్లేశ్వర్ దుప్పటి మీంచి చేయి తీసేశాడు. అంతలో షెకీనాయే మాట్లాడింది.

‘‘నాకు వేరే హోటల్ల పని దొరికింది సార్. సోమవారం పోతున్న. మీరు గాడికొస్తే మీ మంచం నేను సర్దనే సర్ద.’’

పెద్దవాళ్లతో అట్లా మాట్లాడకూడదని చెప్పాల్సిన యేసుమణి, ఆ మాట అనకుండా మల్లేశ్వర్ వెళ్లడానికి తలుపు తీసి పట్టుకుంది.