పాత రేటు పైసలు

నా చిన్నప్పుడు బోరబండలో మా ఇంటికి ఆనుకునే ఒక వీడియో గేమ్ దుకాణం ఉండేది. అర్ధరూపాయి బిళ్ళ ఇస్తే ఒక ఆట. దుకాణం పక్కింటి అక్క వాళ్ళ నాన్నది. ఆయన బాలానగర్‌లో డ్యూటీకి వెళ్తే గల్లా దగ్గర అక్కే కూర్చునేది.

ఆ ఏడు మా తమ్ముడికి కామెర్లు వచ్చాయి. పథ్యం తింటూ, కిటికీలోంచి ఆ ఆటల చప్పుడు వింటూ ఏడ్చేవాడు. నయమయ్యాక ఇద్దరం తనివితీరా ఆడదామని మాటిచ్చి, చేతికొచ్చిన ప్రతి అర్ధరూపాయినీ గల్లగురిగిలో వేశాను. వాడు రోజూ దాన్ని ఊపి చూసుకునేవాడు. ఆ ఆశతోనే చేదు మందంతా మింగాడు.

వాడు లేచి తిరగగానే గురిగి పగలగొట్టి, బిళ్ళలన్నీ గౌను ఒడిలో పోసుకుని వెళ్ళాం. అక్కడ అట్టముక్క మీద ఆట రూపాయి అని రాసి ఉంది. నాకేమీ అర్థం కాలేదు. ఎవరూ తియ్యలేదు, ఒక్క బిళ్ళా పోలేదు. మరి మా ఆటల్లో సగం ఎటు పోయినట్టు? మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. ఇంటికి పోదాం పా అని తమ్ముడే అన్నాడు. వాడు ఏడ్చినా అంత బాధపడేదాన్ని కాదు.

ఎప్పటినుంచి దాస్తున్నావని అక్క అడిగింది. వీడు మంచం పట్టినప్పటినుంచి అన్నాను.

"గట్లయితే ఇవి పాత రేటు పైసలు. పాత రేటుకే ఆడుకోండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి" అంది.

పైసల్లో కూడా పాత రేటువీ కొత్త రేటువీ ఉంటాయా అని ఇంకా తికమకపడ్డాను. మేం ఆడుతున్నంతసేపూ అక్క తన చిన్న పర్సులోంచి బిళ్ళలు తీసి గల్లాలో వేస్తూనే ఉంది. అదెందుకో కూడా అప్పుడు తెలియలేదు. తమ్ముడి నవ్వు చూస్తుంటే అడగాలని తోచనేలేదు.

మొన్న మా అబ్బాయి అయిదువేలు పోసి ఒక గేమ్ కొన్నాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం వాడిది. మా చిన్నప్పుడు ఆట అర్ధరూపాయేరా అన్నాను. వాడు నన్ను కూర్చోబెట్టి, జీతాలూ సరుకులూ పెరిగినంతగా గేముల ధర పెరగలేదమ్మా, ఆ లెక్కన అప్పటికంటే ఇప్పుడే చవక అని చెప్పుకొచ్చాడు. అర్ధరూపాయి ఆట ఖరీదట, అయిదువేల ఆట చవకట. తలూపాను గానీ బుర్రకెక్కితే ఒట్టు.

తెల్లాపూర్‌లో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. నేనూ కుట్టుకూలి పెంచుతూనే ఉంటాను, దారం ధర పెరిగితే తప్పుతుందా. అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి వచ్చే ఆడవాళ్ళు కొందరు నిరుటి రేటు గుర్తుపెట్టుకుని, అంతకే కూడబెట్టి వస్తారు. గోడ మీది కొత్త రేటు చూసి, జాకెట్ గుడ్డ మళ్ళీ సంచిలో పెట్టుకోబోతారు.

"ఎంత అనుకొని వచ్చినవమ్మా?" అని అడుగుతాను. ఎంత చెప్పినా సరేనని, కొలతలు తీసుకుంటాను.