తుపాకీ వెనుక, తూటాలు ముందు

హాతీరాం తన తుపాకీని విప్పి పెట్టెలో సర్దే సమయంలో మరొకరు తాపీగా ఒక గ్లాసు టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించవచ్చు. మొదట తుపాకీని నడుమ ఉన్న కీలు దగ్గర వంచి, రెండు గొట్టాల్లో నుంచి ఆకాశం కనిపిస్తున్నదో లేదో చూస్తాడు. కనిపించినా నమ్మడు. చిటికెన వేలు దూర్చి, తూటా ఉండవలసిన చోటు ఖాళీగా ఉన్నదని తడిమి తెలుసుకొంటాడు. ఆ తరువాతనే గొట్టాలను, వాటి కింది చెక్కను, భుజానికి ఆనించే పిడిని వేరుచేసి, ఒక్కొక్కదానిని పాత దుప్పటి ముక్కలో చుట్టి, రేకు పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. తాళం వేసిన తరువాత దానిని ఒకసారి లాగి చూస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఈ వరుస తప్పలేదు.

ఆ శుక్రవారం ఉదయం టేకులపల్లి దగ్గరి తండాలో, అతని ఇంటి ముందు కారు ఆపుకొని కూర్చున్న రిజ్వాన్‌కు ఓపిక సన్నగిల్లింది. ఇల్లెందులో తాతలనాటి వెల్డింగు దుకాణాన్ని అన్నకు వదిలి, కారు కిరాయికి నడుపుకొనే మనిషి అతడు.

“కాకా, బందూకును ఎక్కిస్తున్నవా, పెండ్లిపిల్లను ఎక్కిస్తున్నవా? జల్దీ రా.”

“పెండ్లిపిల్లయితే నీ పక్కకు కూసుంటుండె. ఇది డిక్కీల పంటది. నీ నసీబు గంతే.”

రేకు పెట్టెను డిక్కీలో పెట్టి, కదలకుండా రెండు వైపులా గోనె సంచులు ఇరికించాడు. పది తూటాలున్న అట్టపెట్టెను మాత్రం ముందుకు తెచ్చి, డ్యాష్‌బోర్డులోని చిన్న అరలో పెట్టాడు. లైసెన్సు పుస్తకం చొక్కా లోపలి జేబులో ఉన్నది.

“అన్నీ ఒక్కతాన పెడితే అయిపాయె కద?” అన్నాడు రిజ్వాన్.

“తుపాకీ ఎనక, తూటాలు ముంగట, నడుమ మనుషులు. రెండూ కలిసినయంటే నడుమ మనిషి ఉండడు. నడువ్.”

ఆ ప్రయాణం దుమ్ముగూడెం అవతల ఉన్న అతని అక్క ద్వాలి ఇంటికి. వారం కిందట ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. దవాఖానా నుంచి ఇంటికి తీసుకువచ్చారు కాని, మరొకసారి వస్తే చెప్పలేమని డాక్టరు ఆమె కొడుకు లాలుతో అన్నాడు. మాట మాత్రం మిగిలింది. ఆ మిగిలిన మాటతో ఆమె రోజూ తమ్ముణ్ణే అడుగుతున్నది. ఆ మాట ఉండగానే వెళ్లి, ఆమె చెప్పదలచుకొన్నది వినాలి. హాతీరాంకు అంతకుమించిన కోరిక లేదు.

ద్వాలి అతనికంటే తొమ్మిదేళ్లు పెద్దది. వేసవి తెల్లవారుజాముల్లో అడవిలోకి ఇప్పపువ్వు ఏరడానికి తీసుకువెళ్లి, రాలిన పూలతోనే అతనికి నూరు వరకు లెక్క నేర్పింది. తండాకు పంతులు రాకముందే అతనికి ఎక్కాలు వచ్చింది ఆమె వల్లనే. అటువంటి అక్క ఇంటి గడప తొక్కి అతనికి పదేళ్లు దాటింది.

అందుకు కారణం కోపతాపాలు కావు. తండాలో కొందరు అట్లా అనుకొన్నారు, ‘తుపాకీ మనిషికి చుట్టాలెందుకు’ అని ముఖం మీదనే అన్నారు కూడా. బ్యాంకు డబ్బు తీసుకువెళ్లే వ్యానుకు అతడు కాపలా మనిషి. సొంత తుపాకీ, సొంత లైసెన్సు ఉన్నందువల్లనే సెక్యూరిటీ ఏజెన్సీ అతనికి ఆ ఉద్యోగం ఇచ్చింది. జనం గుమిగూడే చోటికి తుపాకీ తీసుకుపోకూడదు కనుక పెళ్లిళ్లు, జాతరలు అతని లెక్కలోంచి పోయాయి. అడవి అంచు ఊళ్లలో తుపాకీని ఖాళీ ఇంట్లో వదిలితే అది ఎవరి చేతికి చేరుతుందో ఎవరూ చెప్పలేరని, లైసెన్సు ఇచ్చిననాడే పోలీసు అధికారి హెచ్చరించాడు. భార్య జమ్లి బ్రతికి ఉన్నన్నాళ్లు ఒకరు వెళ్తే ఒకరు ఇంట్లో ఉండేవారు. పిల్లలు లేరు. ఆమె కూడా పోయిన తరువాత తుపాకీకి అతడు, అతనికి తుపాకీ కాపలా అయ్యారు. సెలవునాడు దానిని ఎదురుగా పెట్టుకొని అన్నం తినడం, ఎక్కడికైనా వెళ్తే భుజాన వేసుకొని వెళ్లడం అలవాటైంది. భుజాన తుపాకీ ఉన్న మనిషి బస్సెక్కితే పక్క సీటు ఖాళీగానే ఉంటుంది.

ఆమె పోయిన మొదట్లో తుపాకీని భుజాన వేసుకొనే అక్క ఇంటికి వెళ్లేవాడు. రాష్ట్రం రెండయినప్పుడు భద్రాచలం దాటిన తరువాత వచ్చే కొన్ని పల్లెలు ఆంధ్రలో కలిశాయి. దుమ్ముగూడెం తెలంగాణలోనే ఉన్నది, భద్రాచలమూ తెలంగాణలోనే ఉన్నది. నడుమ కొన్ని కిలోమీటర్ల రోడ్డు మాత్రం మరొక రాష్ట్రానిది. బస్సులు, లారీలు, పెళ్లి ట్రాక్టర్లు ఆ సంగతే ఎరగనట్లు పోయి వస్తాయి. కాని అతని లైసెన్సును తిరగరాసినప్పుడు అందులో ఒక వాక్యం చేరింది. గుమాస్తా దానిని తెలుగులో చదివి వినిపించాడు: ‘తెలంగాణ రాష్ట్ర పరిధిలో మాత్రమే.’ ‘మాత్రమే’ అన్నది చిన్న మాటే. వాక్యం చివర చేరి, తనకు ముందున్న ప్రతి మాట చుట్టూ కంచె వేయగలదు. ఆ కంచెను దాటడం హాతీరాంకు చేతకాలేదు. లైసెన్సు దేశమంతటికీ వర్తించేలా మార్చమని రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. రెండూ పరిశీలనలో ఉన్నాయి.

అక్కే అప్పుడప్పుడు భద్రాచలం దవాఖానాకు వచ్చినప్పుడు కబురు చేసేది. బస్టాండులో సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చొని, ఆమె తెచ్చిన జొన్నరొట్టె తిని, ఎవరి బస్సు వారు ఎక్కేవారు. మోకాళ్లు అరిగాక మూడేళ్లుగా అదీ లేదు.

ఈసారి మాత్రం అతడు తెగించాడు. కొత్తగూడెంలో లైసెన్సు తుపాకులు అమ్మే, భద్రపరిచే ఆజం సాబ్ దుకాణంలో వారం రోజులు తుపాకీని అప్పగించి వెళ్దామని నిర్ణయించుకొన్నాడు. ఏజెన్సీ సూపర్‌వైజరు ఫోనులో నవ్వాడు: “గన్ లేకుంటే గన్‌మన్ ఎట్లయితవ్ హాతీరాం? వారం ఆగి వస్తే నీ జాగల ఇంకొకడుంటడు.” ఉండనీ అనుకొన్నాడు.

కొత్తగూడెంలో దుకాణం తెరిచేసరికి పదిన్నర దాటింది. ఆజం సాబ్ తండ్రి, తాత కూడా తుపాకులు బాగుచేసినవారే. ఆయన పెట్టె తెరిపించి, మూడు భాగాలను బిగించి, గొట్టం మీది నంబరును కళ్లద్దాలతో చదివి, లైసెన్సులోని నంబరుతో సరిచూశాడు.

“ఎంత శుభ్రంగ పెట్టినవయ్యా. కొందరు తెస్తరు, లోపట పక్షి గూడు పెట్టి ఉంటది,” అంటూ రిజిస్టరు తెరిచి రసీదు రాయసాగాడు.

సరిగా అప్పుడే హాతీరాం ఫోను మోగింది. లాలు. “మామా, ఏడున్నవ్? అమ్మ పొద్దుగాల్నే మొఖం కడిగిపిచ్చుకొని కూసున్నది. ‘నా తమ్మునికి ఒకటి చెప్పేదుంది’ అంటది. ఏందంటే నాకు చెప్తలేదు. నువ్వు జల్దీ రా.”

“వస్తున్న బేటా. బయలెల్లిన.”

రసీదు మీద సంతకం పెట్టి, దానిని మడిచి లైసెన్సులో పెట్టుకొని, మెట్లు దిగి కారెక్కాడు. ఎన్నో ఏళ్ల తరువాత భుజం తేలికయింది. పాల్వంచ దాటేవరకు ఎడమచేయి భుజం మీది పట్టీ కోసం వెళ్లి, లేదని తెలిసి వెనక్కు వస్తూనే ఉన్నది.

“కాకా, నువ్వు ఇయ్యాల నవ్వుతున్నవ్. ఫోటో తీయాల్నా?” అన్నాడు రిజ్వాన్.

“రోడ్డు చూడు.”

సారపాక దాటారు, వంతెన మీద గోదావరి దాటారు. భద్రాచలం వీధులు దాటి, ఆంధ్ర పల్లెలు మొదలయ్యే చోటికి చేరుకొంటూ ఉండగా కారు ఒక స్పీడ్‌బ్రేకరు మీద ఎగిరి పడింది. డ్యాష్‌బోర్డు అరలో ఏదో గలగలమన్నది.

హాతీరాం చేయి డ్యాష్‌బోర్డు మీద పడింది. “బండి ఆపు,” అన్నాడు.

అర తెరిచి చూడనక్కరలేదు. అయినా తెరిచాడు. అట్టపెట్టెలో పది తూటాలూ పదిలంగా ఉన్నాయి. తుపాకీ వెనుక ఉన్నది కనుక దుకాణంలో దిగినప్పుడు డిక్కీ తెరిచాడు. తూటాలు ముందు ఉన్నవి కనుక ముందే ఉండిపోయాయి. రెండింటినీ ఎన్నడూ కలపని జాగ్రత్తే ఈరోజు రెండింటిని విడదీసి, ఒకదానిని అతని వెంట పంపింది. తూటాలకూ ఆ ‘మాత్రమే’ వర్తిస్తుంది.

“ఓస్, గింతేనా,” అన్నాడు రిజ్వాన్. “ఎవలు చూస్తరు కాకా? పావుగంటల మళ్ల తెలంగాణల పడ్తం. నా సీటు కింద పెట్టు.”

“నీ బండిల దొరికితే నీ మీదికొస్తది. నీకు పిల్లలున్నరు.”

“అయితే ఎనక్కు పోయి గోదారిల ఏసి దండం పెడదాం. తల్లి ఏం అడగదు.”

“ఒక్కొక్క తూటాకు లెక్కుంటది రిజ్వాన్. కొన్నది రాసుంటది, కాల్చింది రాసుంటది. గోదారిల ఏసింది ఎక్కడ రాయాలె?”

“మరి ఈడ భద్రాచలం స్టేషన్ల ఇద్దాం. అడుగుదాం, చెప్పి చూద్దాం. ఐదు నిమిషాల దారి.”

హాతీరాం అర తలుపు మూశాడు. తుపాకీ ఒకరి రిజిస్టరులో, తూటాలు మరొకరి రిజిస్టరులో. ‘తుపాకీ లేకుండా తూటాలెందుకు మోస్తున్నావ’ని మొదటి ప్రశ్న. ఇరవై ఆరేళ్లలో ఎవరూ అతణ్ణి అటువంటి ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్నకు నిలబడే ధైర్యం అతనికి లేకపోయింది. దానినే అతడు పద్ధతి అనుకొన్నాడు.

“ఇచ్చిన కాడనే ఇయ్యాలె. కొత్తగూడెం తిప్పు.”

“నలభై కిలోమీటర్లు కాకా. పోను, రాను…”

“తిప్పు.”

దారిలో లాలుకు ఫోను చేసి, కొంచెం ఆలస్యమవుతుందని మాత్రం చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

కొత్తగూడెం చేరేసరికి ఒంటిగంటంపావు. ఆజం సాబ్ దుకాణానికి షట్టరు దించి ఉన్నది. రిజ్వాన్ అరచేత్తో నుదురు కొట్టుకొన్నాడు.

“జుమ్మా కాకా. నాకే యాదికి రాలే చూడు. నమాజు అయినంక, అన్నం తిని వస్తడు. నేను గూడ మజీదుకు పోయొస్త. నువ్వు ఈడ కూసో.”

హాతీరాం షట్టరు ముందు మెట్టు మీద కూర్చొన్నాడు. తూటాల పెట్టెను రెండు చేతులతో ఒడిలో పట్టుకొన్నాడు. ఎదుటి వీధిలో మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఒక ముసలమ్మ మెట్టు మీద కూర్చోబోయి, అతని ఖాకీ చొక్కా చూసి, రెండు దుకాణాలు దాటి కూర్చొన్నది. ఫోను తీసి లాలుకు చేయాలనుకొన్నాడు. ఏమని చెప్పాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకొన్నాడు. అక్క తనకు చెప్పవలసిన ఆ ఒక్కటి ఏమై ఉంటుందని ఆలోచిస్తూ, చేతి గడియారంలో రెండు కావడం చూశాడు.

రెండున్నరకు ఆజం సాబ్ వచ్చాడు. సంగతి విని నొచ్చుకొన్నాడు. “నేనన్న అడగాల్సింది. నాదీ తప్పే. భద్రాచలంల పోలీసోళ్లకు చెప్తే నాకు ఫోన్ చేస్తుండిరి కదయ్యా, నేను చెప్తుంటి. ఇంతదూరం ఎందుకొచ్చినవ్?”

హాతీరాం పెట్టె మూత తీశాడు. తూటాలను ఒక్కొక్కటిగా బల్ల మీద నిలబెట్టి పది లెక్కించి, రసీదులో కొత్త పంక్తి రాయించుకొన్నాడు.

ద్వాలి ఇల్లు చేరేసరికి నాలుగున్నర దాటింది. వాకిట్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. కారు దిగిన మనిషిని పిల్లలు ఎవరో అన్నట్లు చూశారు. లాలు ఎదురు వచ్చాడు.

“ఉన్నది మామా,” అన్నాడు ముందుగా. “ఉన్నది గని మాట పడిపోయింది. ఇంకోసారి వచ్చింది. కండ్లు గూడ తెరుస్తలేదు.”

“ఎప్పుడు?”

“రెండైతుండె. అప్పటిదాంక మంచిగనే కూసున్నది. ‘వాడు బయలెల్లిండా’ అని అడిగింది. బయలెల్లిండే అమ్మా, వస్తుండు అన్న. ‘మరి ఇంకేంది’ అన్నది. గంతే, పక్కకు ఒరిగింది.”

“నాకు చెప్పేదుందన్నది…”

“అదే మామా. నాకు చెప్పమంటే ‘నీది కాదు’ అన్నది.”

రిజ్వాన్ కారు దగ్గర నిలబడి, నేలను చూస్తూ, లాలుకు జరిగింది చెప్పాడు. స్పీడ్‌బ్రేకరు, తూటాలు, శుక్రవారం, మెట్టు. లాలు వింటూ ఉన్నాడు. అతడు దుమ్ముగూడెంలో మండలాఫీసు ఉద్యోగి, కాగితం విలువ తెలిసినవాడు. మేనమామ భుజం మీద చేయి వేశాడు.

“నువ్వు చేసింది కరెక్టే మామా. వేరేటోళ్లయితే గట్ల చెయ్యరు. కరెక్టే.”

ఆ మాట హాతీరాంకు కొత్త కాదు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ తుపాకీ చూసి, పుస్తకం చూసి, ఆ మాటే అని సంతకం పెట్టి వెళ్లేవాడు. ప్రతిసారీ అతడు నిటారుగా నిలబడి సెల్యూటు చేసేవాడు. ఇప్పుడు లాలు చేతి కింద అతని భుజం మెల్లగా వంగింది.

లోపల ద్వాలి మంచం మీద వెల్లకిలా పడుకొని ఉన్నది. ఉదయం దువ్విన జుట్టు నూనెతో ఇంకా నున్నగానే ఉన్నది. హాతీరాం మంచం పక్కన నేల మీద కూర్చొని, చచ్చుబడని ఎడమచేతిని తన చేతిలోకి తీసుకొన్నాడు. వెచ్చగా ఉన్నది. తమ తండా భాషలో, ఆమె చెవి దగ్గర, “వచ్చిన అక్కా” అన్నాడు. రెప్ప కదలలేదు. వినపడలేదేమోనని ఇంకొంచెం దగ్గరకు వంగి మళ్లీ అన్నాడు. బయట కారు తిరిగి వెళ్లిపోతున్న చప్పుడు తగ్గేవరకు ఆగి, మరొకసారి అన్నాడు.