రాజమండ్రి ఆంటీ చిలుక

ఇయ్యాల ఫోన్‌ల ఎవరో పెట్టిన ఫొటో చూసి ఇది రాస్తున్న. మారేడుమిల్లి అడవిల ఒక చిన్న చిలుక కొమ్మ పట్టుకొని గబ్బిలం లెక్క తలకిందులుగ వేలాడుతున్నది.

దిల్‌సుఖ్‌నగర్ దోస్తులారా, మా మేడ మీద కిరాయికున్న రాజమండ్రి ఆంటీ యాదికుందా? ఆమె తమ్ముడు ఆ అడవి నుంచే ఇసొంటి చిలుకను తెచ్చిండు. పిచ్చుకంతనే ఉండె. ఒళ్లంత లేతాకు పచ్చ, ముక్కు ఎరుపు, పొట్టి తోక మొదట్ల ఇంకింత ఎరుపు.

తెలంగాణ బంద్‌ల రోజులు. బడి లేదు, బస్సుల్లేవు. చిలుక వచ్చిన సాయంత్రమే పంజరం కప్పు పట్టుకొని తలకిందులై కళ్లు మూసుకున్నది.

"అయ్యో, దీనికి కళ్లు తిరిగినట్టున్నాయే!" అని ఆంటీ ఏడ్చింది.

"జర నిలబెట్టు బిడ్డా, నీళ్లు తాపు" అన్నది మా నానమ్మ.

పశువుల దవాఖానకు పోదామంటే ఎల్బీనగర్ చౌరస్తాల రాస్తారోకో. నేనే పంజరంల చెయ్యి పెట్టి నిలబెట్టిన. మళ్ల వేలాడింది. మళ్ల నిలబెట్టిన. మూడు రోజులు ముగ్గురం వంతులేసుకొని గదే పని చేసినం. నాలుగో పొద్దున పంజరం అడుగున పడి ఉన్నది.

"మనం చెయ్యగలిగిందంతా చేశాం తల్లీ" అని ఆంటీ నా తల నిమిరింది. గదే నమ్మిన. ఇన్నేండ్లు ఆ బంద్‌నే తిట్టుకున్న.

ఫొటో కింద ఒక్కటే మాట రాసుంది: ఈ చిలుక నిద్రపోయేది ఇట్లనే.