స్లాబుకు పెట్టిన గవాచి

ముందే చెప్పేస్తున్నాను: నేను పిడికెడు చెబితే మీరు చిటికెడే నమ్మండి. మా ఊళ్లో అందరూ అలాగే చేస్తారు. మన్ను బరువు సంగతి మాత్రం తగ్గించకండి.

శింగనమల పక్కన మాది మట్టి మిద్దె. దూలాల మీద బండలు, బండల మీద జానెడు చౌడు మన్ను. ఏటా వానకాలానికి ముందు కొత్త చౌడు తట్టలతో మోసి పైన పరిస్తేనే నీళ్లు దిగవు. వాన రాకపోయినా చౌడు వెయ్యాల్సిందే. ముప్పై ఏళ్లుగా నేను మోసిన మన్ను కుప్ప పోస్తే దాని నీడ అనంతపురం బస్టాండులో పడుతుంది. అన్నేళ్లలో గట్టిగా కురిసిన వానలు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెడితే బొటనవేలు మిగిలిపోతుంది.

యాభై దాటాక నిచ్చెనను చూస్తేనే మోకాళ్లు మూలగసాగాయి. మిద్దె దూలం కూడా వంగింది. ఇద్దరం అలిసిపోయామని, ముందున్న ఖాళీలో స్లాబు ఇల్లు కట్టించాను. గడప దగ్గర జారిన చీమ వంటింట్లో తేలేంత నున్నటి టైల్స్. ఇక పాతదాన్ని పడగొట్టడమే మిగిలింది.

పొయ్యి కదిలితే కదా. నా భార్య దాన్ని పాత మిద్దెలోంచి తియ్యనివ్వలేదు.

"ఆ ఇంట్లో నాకు పొద్దు తెలీదు" అంది.

"గోడకు గడియారముండాది కదా."

"గడియారం టైము చెప్తాది. పొద్దు యాడ చెప్తాది?"

మట్టి మిద్దె కప్పులో వెలుతురు దిగడానికి, పొగ పోవడానికి జానెడు కంత ఉంటుంది. దాన్ని గవాచి అంటాం. వానొస్తే దాని మీద మట్టి సట్టి బోర్లిస్తాం. అందులోంచి దిగిన ఎండబిళ్ల పొద్దున గోడ మీద పుట్టి, నేలకు దిగి, రోటిని తాకితే సంగటి వేళ. అవతలి గోడ ఎక్కిందంటే టీ వేళ.

నాలుగు నెలలు మా అన్నం రెండిళ్ల మధ్య నడిచింది. ఆ నడకంతా కలిపితే పుట్టపర్తి పోయి తిరిగొచ్చేది. మిద్దె కూల్చే మనిషి రెండుసార్లు వచ్చి, గడ్డపార భుజాన వేసుకుని తిరిగిపోయాడు. నాకూ ఓపిక అయిపోయింది. మేస్త్రీని పిలిచి, కొత్త వంటింటి స్లాబుకు జానెడు బొక్క కొట్టమన్నాను.

"ఏమన్నా, బాగుండావా? బొక్క పడితే పూడ్చమని పిలుస్తారు. కొట్టమనేవాళ్లను నేను యాడా చూడలేదు."

"ఇప్పుడు చూస్తాండావు కదప్పా."

"వానొస్తే?"

"ఈడ?"

మేస్త్రీ ఒకసారి ఆకాశం వైపు చూశాడు. సుత్తి తీశాడు.

బొక్క పడింది. పొయ్యి కదిలింది. నాలుగో రోజు మధ్యాహ్నం వాన కూడా కదిలింది. పప్పుగిన్నెలో పప్పు కనబడకుండా పోయింది. కొత్త ఇంట్లో ఎన్ని సామాన్లున్నా బోర్లించడానికి సట్టి లేదు. పాత మిద్దె ఎక్కి, దాని గవాచి పక్కనున్న సట్టి తీసుకుని, దిగి, మళ్లీ స్లాబెక్కి బోర్లించాను. ఇల్లు కట్టించింది పైకి ఎక్కకుండా ఉండటానికి. ఒకే వానకు రెండు కప్పులు ఎక్కాను.

మరుసటి రోజు సట్టి తీస్తే ఎండబిళ్ల కొత్త గోడ మీద పడింది. మధ్యాహ్నానికి టైల్స్ మీదుగా జరిగి మిక్సీ దగ్గర ఆగింది. రోలు కాదు. అయినా సంగటి వేళే. ఆ వారమే గడ్డపార మనిషికి కబురు పంపాను.

ఇక నేను కల్పించిన ముక్క ఏదో చెప్పేస్తాను. మన్ను, బొక్క, వాన నిజమే, కొలతలు వదిలెయ్యండి. నిజానికి నా భార్య కొత్త ఇల్లు చేరిన రోజే పొయ్యి మార్చేసుకుంది. నాలుగు నెలలు కంచం మోసుకుపోయి పాత మిద్దెలో రోటి పక్కన కూర్చుని తిన్నది నేను. గడ్డపార మనిషిని తిప్పి పంపిందీ నేనే. పొద్దు తెలీదన్న మాట నాది, గడియారం చూపించింది ఆమె. మేస్త్రీ సుత్తి తీసి ఆమె ముఖం చూసినప్పుడు ఆమె అన్నది ఇది:

"కొట్టప్పా. ఈ మనిషి వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చేటట్టు లేడు. ఆ బొక్కలోంచన్నా దిగుతాడేమో."