బీబమ్మ అత్తకు పంపిన శుభాకాంక్షలు

మా చిన్నప్పుడు గద్వాలలో మా ఇంటికీ బీబమ్మ అత్త ఇంటికీ మధ్య గోడ ఉండేది గానీ, అది మా అవ్వ నడుమెత్తు కూడా ఉండేది కాదు... కూరగిన్నెలూ, నూలు కండెల బుట్టలూ, మంచిచెడ్డల మాటలూ అన్నీ ఆ గోడ మీంచే అటూ ఇటూ పోయేవి.

నాన్న మగ్గం నేసేవాడు. ఆ మగ్గానికి కండెలు చుట్టి ఇచ్చేది బీబమ్మ అత్త. ఆమె కూతురు జైబు, నేనూ ఒకే తరగతి, ఒకే బెంచీ.

పండుగ శుభాకాంక్షలు అనే మాట అప్పట్లో మా వాడలో ఎవరి నోటా వినలేదు. రంజాన్ నాడు అవ్వ ఉతికిన చీర కట్టుకుని వాళ్ల గడప దగ్గర నిలబడి, "ఒక్కపొద్దులు మంచిగ గడిసినయా బీబమ్మా? పానం బాగుందా?" అని అడిగేది. అంతే... అత్త లోపలికి పిలిచి సేమ్యాల గిన్నె చేతికిచ్చేది. దసరా సాయంత్రం నేను జమ్మి ఆకు అత్త చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే, నా చెంపలు నిమిరి తన కణతల దగ్గర మెటికలు విరుచుకుని "సల్లగుండు బిడ్డా" అనేది.

నాలుగో తరగతిలో మా టీచరమ్మ అట్టముక్కలతో గ్రీటింగు కార్డులు చేయడం నేర్పింది. ఇక నాకు పిచ్చి పట్టింది... వచ్చిన ప్రతి పండుగకూ ఒక కార్డు. అంతలో పీర్ల పండుగ, అదే మొహర్రం, వచ్చింది. పీర్లకు కట్టే రంగు గుడ్డల బొమ్మ గీసి, కింద 'పీర్ల పండుగ శుభాకాంక్షలు' అని రాసి, గోడ దూకి వెళ్లి అత్తకు ఇచ్చాను.

అత్తకు చదువు రాదు. జైబు చదివి వినిపించింది. అత్త మొహంలో నవ్వు ఆగిపోయింది. కోప్పడలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పింది.

"గిది ఖుషీ పండుగ కాదు బిడ్డా... మా పెద్దలను సంపిన దినాలు. ఏడుస్తం గని సంబరం జెయ్యం."

నాకు తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను.

"మరి ఏమనాలె అవ్వా?"

"ఏమనకు. పోయి ఆమె పక్కన కూసొని కండెలు సుట్టు."

ఆ సాయంత్రం దీపాలు పెట్టేదాకా చుట్టాను.

తర్వాత పెళ్లయి నేను నాగర్‌కర్నూల్ వచ్చేశాను. జైబు గద్వాలలోనే ఉండిపోయింది, అమ్మను చూసుకుంటూ. మా అన్న పాత ఇల్లు వదిలి వేరే కాలనీకి మారాడు. మొదట్లో ప్రతి పండుగకూ జైబుకు ఫోన్ చేసి, అత్తతో కూడా మాట్లాడేదాన్ని. తర్వాత చేతిలోకి పెద్ద ఫోన్ వచ్చింది... శుభాకాంక్షల బొమ్మలు వచ్చాయి.

అందులో జాబితాలు చేసుకున్నాను. ఉగాదికి పంపాల్సిన వాళ్లు వేరు, రంజాన్ వాళ్లు వేరు, క్రిస్మస్ వాళ్లు వేరు. ఒక్క నొక్కుతో అందరికీ పోయేవి. ఏ మతం వాళ్లనూ మరిచిపోనని లోలోపల గర్వం కూడా ఉండేది నాకు...

పోయిన రంజాన్ పొద్దున స్టవ్ మీద చాయ్ మరిగేలోపు నెలవంక బొమ్మ ఒకటి పంపాను. దాని నిండా రంగు దీపాలు ఎగురుతూ ఉన్నాయి. జైబు ఎప్పుడూ 'నీకు గూడ సుజా, ఇంటికి రా' అని రాసేది. ఆసారి దండం బొమ్మ ఒక్కటే వచ్చింది. చూశాను... పనిలో ఉందేమో అనుకున్నాను.

రెండు నెలలకు అన్న ఇంటికి వెళ్లాను. అన్నం తింటుండగా తనే అన్నాడు, "బీబమ్మ అత్త పోయె గద... నీకు ఎర్కలేదా? పండుగకు మూడు దినాల ముందు. జైబు నీకు చెప్పిందనుకున్న."

చేయి కడుక్కుని అలాగే వెళ్లాను.

జైబు తలుపు తీసి, లోపలికి రమ్మని చాప పరిచింది. చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత తనే మొదలుపెట్టింది.

"పండుగ నాడు పొద్దుగాల ఫోన్ల నీ పేరు జూసిన. అమ్మ సంగతి తెల్సి ఏమన్న రాసినవేమో అని గబగబ తెరిసిన... తెరిస్తే దీపాలు ఎగురుతున్నయ్."

"నాకు తెల్వదు జైబూ."

"తెల్వదనే అనుకున్న. ఫోన్ జేసి చెప్దామంటే చెయ్యి రాలే. గంత సంబరంగ పంపినవ్... ఎట్ల చెప్పాలె?"

నేను తల దించుకున్నాను. జైబు చీర కొంగు సరిచేసుకుంటూ అంది, "అమ్మ ఆఖర్ల గూడ అడిగింది. పండుగకు సుజాత వస్తదా అని. వస్తదని చెప్పిన."

మాఫ్ చేయమని అడిగాను.

"మాఫీ ఏందే... చాయ్ సల్లారుతుంది, తాగు" అంది.

ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేను బయల్దేరితే గడప దాకా వచ్చింది... మళ్లీ ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.

ఆ జాబితాలన్నీ తీసేశాను. ఇప్పుడు పండుగ పండుగకూ ఫోన్ చేస్తున్నాను. జైబు ఎత్తుతుంది, పిల్లలు బాగున్నారా అని అడుగుతుంది. ఇద్దరం ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటాం... ఆ మర్యాదే నాకు కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు మన చేతుల్లో ప్రతి పండుగకూ వంద రకాల శుభాకాంక్షలున్నాయి... అవి వెళ్లే ఇంట్లో ఆ పూట ఏం జరుగుతోందో మాత్రం తెలియడం లేదు. మీ పక్కింట్లో వేరే దేవుణ్ణి మొక్కేవాళ్లు ఉండేవారా? పండుగ నాడు మీ పెద్దలు వాళ్లను ఏమని పలకరించేవారు? గుర్తుంటే కింద రాయండి... కానీ వాళ్లు ఇంకా ఉంటే, రాయడం తర్వాత. ముందు వాళ్లకు ఒక ఫోన్ చేయండి.