పెట్టెలక్క, మైనస్ పద్దెనిమిది

మా ఆసుపత్రిలో తెర మీద ఎర్ర అక్షరాలు కనబడగానే అందరూ చేసే పని ఒకటే. తెర మీది ఆ విండో మూసేసి, మళ్లీ తెరిచి, అదే తప్పు మళ్లీ కొట్టి, చివరికి నాకు ఫోన్ చేస్తారు. "ఏదో వచ్చింది" అంటారు. ఏం వచ్చిందని అడిగితే "ఏదో ఇంగ్లీషులో" అంటారు. ఇలా అనేవాళ్లలో గది గోడ నిండా పట్టాలు తగిలించుకున్నవాళ్లే ఎక్కువ. నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్లు చూసేవాణ్ని. నా ఉద్యోగం ఉందో ఊడిందో ఏడాదికోసారి వచ్చే కాగితం చూసుకుంటే గాని తెలియదు. కాబట్టి వాళ్ల మొహం మీద ఏమీ అనలేను. ఇక్కడ రాసుకోగలను.

ఆ ఎర్ర అక్షరాలను మొదటి నుంచి చివరి దాకా చదివే మనిషి ఆ అయిదంతస్తుల భవనంలో ఒక్కతే ఉంది. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అందరూ ఆమెను పెట్టెలక్క అంటారు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు వెనక, మెట్ల పక్కనుంచి ఎడమకు తిరిగితే పాల గది వస్తుంది. మూడు ఫ్రీజర్ పెట్టెలు, ఒక సింకు, ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు. తల్లులు పిండి ఇచ్చిన పాలను చిన్న సీసాల్లో పోసి, పడక నంబరూ తేదీ రాసిన చీటీ అంటించి, ఆ పెట్టెల్లో గడ్డకట్టిస్తారు. ముందు నిండిన పెట్టెను ముందు ఖాళీ చేస్తారు. ఆ పిల్లలు ఒక పూటకు తాగేది చెంచాడో, రెండు చెంచాలో. ఆ చెంచాడు కోసమే ఇంత గది. పెట్టె లోపలి ఉష్ణోగ్రత మైనస్ పద్దెనిమిది డిగ్రీల కంటే పైకి లేచి, గంటకు మించి అక్కడే ఉండిపోతే, ఆ పెట్టెలో పాలన్నీ పారబోయాలి. అది ఆసుపత్రి నియమం.

ప్రతి పెట్టెలోనూ ఉన్న ఒక తీగ అయిదు నిమిషాలకోసారి చలి ఎంతుందో కంప్యూటరుకు పంపుతుంది. రోజుకు వందల అంకెలు. వాటిని మనిషి కూర్చుని చదవలేడు గనక ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, ఉంది. నల్ల తెర మీద దాని పేరు కొట్టి, పక్కనే నాలుగు సంగతులు వరసగా ఇవ్వాలి: పెట్టె నంబరు, మొదటి తేదీ, చివరి తేదీ, దాటకూడని హద్దు. హద్దు ఎప్పుడు దాటిందో, ఎంతసేపు దాటిందో అది చెబుతుంది. ఆ నాలుగింటినీ మా వృత్తిలో ఆర్గ్యుమెంట్లు అంటారు. పెట్టెలక్క మేత అంటుంది. "దానికి మేత వరసగా పెట్టాలి బాబూ, వరస తప్పిందా, మూతి తిప్పుకుంటుంది" అని నాకు మొదటి రోజే పాఠం చెప్పింది. నేను లోపల నవ్వుకున్నాను. అప్పటికి నాకు కొంచెం పొగరు ఉండేది.

ఆమె పదకొండేళ్లు ఆ వార్డు నేల తుడిచింది. పాల గది చూసుకునే స్టోర్ పెద్దాయనకు చూపు మందగించి, తను చెబుతుంటే కొట్టమని ఆమెను కూర్చోబెట్టుకున్నాడు. ఆయన రిటైరయ్యే నాటికి ఆయన చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. ఆయన కుర్చీ ఆమెకిచ్చారు గాని, ఆయన జీతం ఇవ్వలేదు.

ఆమె దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. ఎడమ పేజీలో తెర మీద వచ్చిన ఎర్రర్, ఒక్కో ఇంగ్లీషు అక్షరం బొమ్మ గీసినంత జాగ్రత్తగా. దాని కింద తెలుగులో అది పలికే తీరు. కుడి పేజీలో ఏం చేస్తే అది పోయిందో. ఒక చోట "తేదీ ముందు కొట్టి పెట్టె నంబరు తర్వాత కొట్టాను" అని రాసి, కిందే "ఎన్నిసార్లు చెప్పినా వినవు కదే" అని తనను తానే తిట్టుకుంది. ఈ అలవాటు ఆసుపత్రిలో అబ్బింది కాదు. ఆమె భర్త స్కూటర్లు బాగుచేస్తాడు. బండి తోసుకొచ్చి "పాడైంది" అనేవాణ్ని ఆయన పట్టించుకోడట. ఏం చప్పుడు చేసింది, ఎక్కుతున్నప్పుడా దిగుతున్నప్పుడా అని అడిగి, చెప్పగలిగినవాడి బండే ముందు చూస్తాడట. పెళ్లయిన కొత్తలో ఆ షెడ్డులో కూర్చుని విన్న మాటలే తనకు కంప్యూటరు నేర్పాయని అంటుంది. ఇంగ్లీషు ముక్కలకు కూతురుంది. ఆ పిల్ల నాతో ఒకసారి, "అందరమ్మలూ అన్నం దగ్గర కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు, మా అమ్మ ఇన్‌వాలిడ్ అంటే ఏంటే అని అడుగుతుంది" అని మొత్తుకుంది.

ఇక జరిగింది చెబుతాను. తప్పు మొదలైంది నా దగ్గరే.

పాల గదిలో పాత కంప్యూటరు చచ్చిపోయింది. కొత్తది తెచ్చిపెట్టి, పాత స్క్రిప్టు దొరక్కపోతే ఒక మధ్యాహ్నం కూర్చుని కొత్తది రాసేశాను. పెద్దాఫీసు వాళ్లు దానికీ, అంకెల ఫైలుకూ తాళం వేశారు. ఇక ఆ స్క్రిప్టు ద్వారా తప్ప ఆ అంకెలను ఎవరూ చూడలేరు, నాతో సహా. నాకు తెలియనిది ఒకటుంది. ఆ గదిలో మైనస్ అనే మాట ఎవరూ అనరు. "ఇవాళ ఎంత?" అంటే "ఇరవై" అంటారు. పొద్దునొకసారి నింపే గోడ మీది కాగితంలోనూ ఇరవై అనే రాస్తారు. చలిపెట్టె దగ్గర నిలబడి మైనస్ అనడం వాళ్లకు, నీళ్ల కుండ చూపించి తడి నీళ్లు అన్నట్టు ఉంటుంది. స్టోర్ పెద్దాయన కూడా అందుకే, పద్దెనిమిది అని ఇస్తే మైనస్ తనే తగిలించుకునేలా పాత స్క్రిప్టు రాయించుకున్నాడు. నాది ఏమిస్తే అదే తీసుకుంటుంది.

పెట్టెలక్క ఎప్పటిలాగే పద్దెనిమిది ఇచ్చింది. నా స్క్రిప్టు దాన్ని మైనస్ లేని పద్దెనిమిదిగానే తీసుకుంది. ఆ హద్దు దాటాలంటే పెట్టెలో మంచు మొత్తం కరిగి, నీళ్లయి, ఆ నీళ్లు గది గాలంత వెచ్చబడాలి. అందుకని రోజూ మూడు పెట్టెలకూ ఒకటే జవాబు: హద్దు దాటలేదు.

తొమ్మిదో రోజు పొద్దున పదకొండున్నరకు ఆమె ఫోన్ చేసింది.

"బాబూ, ఇది అబద్ధం చెబుతోంది."

"ఎర్రర్ వచ్చిందా?"

"రాలేదు. అదే నా భయం."

విసుక్కుంటూ వెళ్లాను. ఎర్రర్ లేనప్పుడు ఫోనెందుకు చేశారని మొహం మీదే అడిగాను. ఆమె మొదటి పెట్టె మూత మీద చెయ్యి వేసి చెప్పింది.

"పొద్దున పదింటికి నేను ఈ మూడూ తీస్తాను. తీసినప్పుడల్లా అయిదో పదో నిమిషాలు అంకె పైకి లేస్తుంది. పాతది రోజూ ఆ సంగతి చెప్పేది. ఇది తొమ్మిది రోజుల్లో ఒక్కసారీ చెప్పలేదు. మూత తియ్యకుండా సీసాలు వాటంతటవే లోపలికి నడిచెళ్లాయా?"

ఆమె కొట్టిన వరస చూశాను. చివర పద్దెనిమిది. సంగతి చెప్పాను. ఆమె స్టూలు మీద కూర్చుంది. దీన్ని ఎలా సర్దాలా అని నేనింకా ఆలోచిస్తుండగానే లేచి వెళ్లి, హెడ్ సిస్టరుతో ఉన్నదున్నట్టు చెప్పేసింది. సిస్టరు డాక్టరును పిలిచింది. ఆయన వచ్చి, మధ్యాహ్నం రెండింటికి పిల్లలకు పాలు పట్టే వేళ అనీ, ఈ తొమ్మిది రోజులూ ఏ పెట్టె చల్లగా ఉందో అప్పటికి తేలకపోతే మూడూ పారబోయాల్సిందేననీ చెప్పాడు. నాకు చాలామంది డాక్టర్ల మీద మంచి అభిప్రాయం లేదు. ఆ రోజు ఆయన చెప్పినదాంట్లో మాత్రం తప్పు లేదు.

మూడు పెట్టెల్లో కలిపి నూట తొంభై సీసాలు. అందులో ఇరవై ఆరు ఆరో పడక తల్లివి. కాన్పయ్యాక ఆమెకు వేరే ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాడుతున్న మందుల వల్ల ఆమె పాలు బిడ్డకు పట్టకూడదు. ఆపరేషన్‌కు ముందు పిండి దాచిన ఆ ఇరవై ఆరే ఆ బిడ్డకు తల్లిపాలు. బిడ్డ బరువు కిలో కూడా లేదు. ఆ తల్లి రోజూ "నా సీసాలు బాగున్నాయా అక్కా?" అని అడిగేదట. తొమ్మిది రోజులుగా పెట్టెలక్క ఆ స్క్రిప్టు మాట నమ్మి, "బాగున్నాయమ్మా" అంది.

"మైనస్ పెట్టి కొడితే సరి" అన్నాను. కొట్టింది. రెండు ఎర్ర వరసలు వచ్చాయి. మొదటిది: ఒకటి అనే ఆప్షన్ తెలియదు. రెండోది: ఎనిమిది అనే ఆప్షన్ తెలియదు. నేను పెద్దాఫీసుకు ఫోన్ చేశాను, తాళం తీయిస్తే స్క్రిప్టు మార్చేద్దామని. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. నేను చేస్తున్నది కూడా అందరూ చేసేదే.

ఆమె మాత్రం ఆ రెండు వరసల ముందు కూర్చుని, నోటుపుస్తకంలో దింపుకుంటోంది. మైనస్ పద్దెనిమిదిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి చూసింది. అవే రెండు వరసలు. మైనస్‌కీ అంకెకీ మధ్య చోటు వదిలి చూసింది. మేత నాలుగు కాదు, అయిదయింది అని గొణిగింది. అది కూడా రాసుకుంది.

"నేనిచ్చింది ఒక్క అంకె. అది రెండు పేర్లు చెబుతోంది. ఒకటి, ఎనిమిది. ఎందుకు విడగొట్టింది?" అని అడిగింది. నన్ను కాదు, తెరను.

నోటుపుస్తకం పేజీలు వెనక్కి తిప్పింది. అంకెలన్నీ విడివిడిగా కావాలంటే గీత పెట్టి వి అక్షరం కొడతాం కదా, అది స్విచ్చు కదా, ఇది ఆప్షన్ అంటున్నది దాన్నే కదా అంది. అవునన్నాను.

"అయితే మైనస్ గీత కనబడగానే దీనికి స్విచ్చే గుర్తొస్తోంది. ఒకటి అనే స్విచ్చు వెతికింది, లేదు. ఎనిమిది అనే స్విచ్చు వెతికింది, లేదు. స్విచ్చులు అయిపోయాయి, ఇక వచ్చేదంతా మేతే అని దీనికి చెప్పే దారుండాలి."

ఉండాలి. ఉందని నేను ఎక్కడో చదివాను. అది ఏమిటో గుర్తు రాలేదు. ఆమె సహాయం వరస తెరిచింది, స్క్రిప్టును ఎలా వాడాలో ఒక్క లైన్లో చెప్పేది. ఆ లైను నేను రాసింది కాదు. వేరే పనిలోంచి నేను తెచ్చి అతికించినది. ఆమె దాని మీద వేలు పెట్టి జరుపుతూ వచ్చి, స్విచ్చులకూ పెట్టె నంబరుకూ మధ్య ఆగింది. అక్కడ రెండు గీతలు పక్కపక్కన ఉన్నాయి.

"ఇవేంటి?"

"అలంకారం అనుకుంటా."

ఆమె నా వైపు ఒకసారి చూసింది. "ఇంత పిసినారి లైన్లో అలంకారం ఎవరు పెడతారు బాబూ?"

స్క్రిప్టు పేరు కొట్టింది. చోటు వదిలి రెండు గీతలు. చోటు వదిలి పెట్టె నంబరు ఒకటి, తేదీ, తేదీ, మైనస్ పద్దెనిమిది. ఎర్ర వరస రాలేదు. మొదటి పెట్టె, తొమ్మిది రోజులు, రోజూ పొద్దున పదింటికి అయిదారు నిమిషాలు పైకి లేచి దిగిన గుర్తులు. మూత తీసిన ఆమె చేతి గుర్తులే అవి. తొమ్మిదీ వేలితో లెక్కపెట్టింది. తొమ్మిదీ ఉన్నాక గాని జవాబు నమ్మలేదు. నేనైతే ఎర్రర్ పోగానే లేచి వెళ్లేవాణ్ని.

మూడో పెట్టె కూడా అంతే. రెండో పెట్టె అలా లేదు. నాలుగో రోజు పదకొండుంపావు నుంచి ఒంటిగంట నలభై అయిదు దాకా హద్దు పైనే ఉంది. ఆ రోజు నేల పాలిష్ చేసే మిషను వచ్చిందని పెట్టెలక్కకు గుర్తొచ్చింది. దాని ప్లగ్గు కోసం ఎవరో పెట్టె ప్లగ్గు తీసి, పని కాగానే మళ్లీ పెట్టి, మర్యాదగా వెళ్లిపోయారు. ఆ తొమ్మిది రోజులూ వార్డుకు వెళ్లిన సీసాలు మొదటి పెట్టెవే. రెండోదాంట్లోంచి ఇంకా ఒక్క సీసా బయటికి తియ్యలేదు. ఆ సంగతి పెట్టెలక్క చీటీలు చూసి, సిస్టరుతో కలిసి మరోసారి సరిచూసుకుంది. అప్పటికి ఒంటిగంట పదయింది.

తెర మీదున్నదంతా అచ్చు తీసిన కాగితం డాక్టరు చూసి, రెండో పెట్టె ఒక్కటీ పారబోస్తే చాలన్నాడు. కింద "సాంకేతిక లోపం" అని రాయబోతే పెట్టెలక్క పెన్ను అడిగి తీసుకుని, "తొమ్మిది రోజులు హద్దుకు మైనస్ పెట్టలేదు" అని రాసి సంతకం చేసింది. దాని కింద నేను కూడా, మైనస్ పెట్టాలని చెప్పలేదని రాశాను. రాయకుండా ఉండడానికి వీలు లేకపోయింది.

రెండో పెట్టెలో అరవై నాలుగు సీసాలు. సాయం చేస్తానంటే, చీటీలు పైకి చదవమంది. నేను పడక నంబరు చదవడం, సిస్టరు టిక్కు పెట్టడం, ఆమె సింకులో వేడి నీళ్లు తిప్పి, కరిగించి, పారబోయడం. ఆరో నంబరు ఏడుసార్లు చదివాను.

తల్లికి చెప్పడానికి సిస్టరు వెళ్తానంది. పెట్టెలక్క ఒప్పుకోలేదు. తడి చేతులు తుడుచుకుని, ఆ కాగితం పట్టుకుని తనే వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పెట్టె సంగతి, ప్లగ్గు సంగతి, ఏడు సీసాల సంగతి చెప్పింది. ఆ తల్లి దిండుకు ఆనుకుని అంతా విన్నది.

"నిన్న కూడా బాగున్నాయన్నారు కదక్కా."

"అన్నాను. చూడకుండా అన్నాను."

ఆ తల్లి కాగితం వైపు చూసింది.

"ఎన్ని మిగిలాయి?"

"పంతొమ్మిది. ఇవి చూశాను."

"నాకు చూపించండి" అంది ఆ తల్లి.

పెట్టెలక్క మంచం అంచున కూర్చుని కాగితం ఆమె ఒళ్లో పరిచింది. ఇది పెట్టె నంబరు, ఇవి తేదీలు, ఇదిగో ఇది హద్దు, దీని ముందు గీత ఉందా లేదా చూడమ్మా అంటూ ఒక్కో వరసా చదివించింది. ఆ తల్లి మొదటి పెట్టెకు తొమ్మిది, మూడో పెట్టెకు తొమ్మిది గుర్తులూ తన వేలితో తనే లెక్కపెట్టుకుంది. రెండు కావస్తుండగా సిస్టరు మొదటి పెట్టె సీసాను గోరువెచ్చని నీళ్లలో కరిగించి తెచ్చింది. తల్లి చెయ్యి చాచింది. చీటీ మీద పడక నంబరు చూసింది, తేదీ చూసింది, కాగితంతో పోల్చుకుంది. అప్పుడు సీసాను సిస్టరుకు తిరిగిచ్చి, పట్టమంది.