గంజి పెట్టి అంటించిన పాఠం

మొన్న శంకర్ నగర్‌లో మా మనవరాలు చదివే ఇంగ్లీషు స్కూల్లో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్లొచ్చిన కోడలు చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. లైబ్రరీలో కులాల గురించి రాసిన పిల్లల పుస్తకం ఒకటి ఉందనీ, పసిమనసుల్లోకి అలాంటివి ఎక్కించడమేమిటని అందరూ కలిసి అర్జీ రాశారనీ, తనూ సంతకం పెట్టి వచ్చాననీ ఒక్క గుక్కలో చెప్పింది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతారత్తయ్యా అని మూతి ముడుచుకుంది పాపం. ఏం చెప్పను! ఆ ఘనకార్యం నలభై ఏళ్ల కిందట ఇదే రాయపూర్‌లో నా చేతులతో నేనే చేశాను, అదీ గంజి కాచి మరీ.

మన ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ల సంఘం నడిపే చిన్న బడి, రెండు గదులూ ఒక రేకుల వరండా. విజయనగరం పక్కపల్లెలో స్కూలు ఫైనలు గట్టెక్కి, పెళ్లయి ఇక్కడికొచ్చిన నన్ను ఆ బడిలో టీచరుగా పెట్టింది సంఘం ప్రెసిడెంటైన మా మావగారే. ఆయన రిటైరైన గార్డు. పచ్చజెండా ఊపినట్టే మాట ఒక్కసారి చెప్పేవారు, రెండోసారి చెప్పే అలవాటు లేదు. ఇంట్లో తెలుగూ, వీధిలో హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లలకి ఒత్తులూ గుణింతాలూ నేర్పేసరికి నాకు గొంతు పోయేది గానీ, ఆ పనంటే నాకు ప్రాణం, ఆ పనిలో నన్ను మించినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని గర్వం కూడా ఉండేది, ఇప్పుడు దాచుకోవడమెందుకు.

పుస్తకాలు ఇక్కడ దొరికేవి కావు. మనవైపు నుంచి వచ్చే బండిలో ఎవరో ఒక గార్డుగారి పెట్టె మీద కట్టగా వచ్చేవి, వాటినే ఏటేటా పై తరగతికి వెళ్లే పిల్లలు కిందివాళ్లకి ఇచ్చేవారు. ఆ ఏడు నాలుగో తరగతి వాచకం కొత్తగా వచ్చింది. అందులో ఒక పాఠం, ఊరిబావి దగ్గర ఖాళీ కడవలతో దూరంగా నిలబడి, పైకులంవాళ్లెవరైనా వచ్చి రెండు చేదలు తోడి పోస్తారేమోనని ఎదురుచూసే తల్లీకూతుళ్ల కథ. నేనింకా ఆ పాఠం దాకా రానేలేదు. బొమ్మ చూసిన కుర్రాడొకడు ఇంటికెళ్లి, మన ఊళ్లోనూ ఇలాగే ఉంటుందా అని వాళ్ల నాయనమ్మని అడిగాడు, అంతే, ఆదివారానికల్లా సంఘం కమిటీ మా ఇంటి వరండాలో కూర్చుంది.

వాళ్లని తప్పుపట్టడం తేలిక గానీ వాళ్ల మాటలోనూ ఒక న్యాయం ఉన్నట్టే ఉండేది. ఇక్కడి హిందీవాళ్లకి మనమంతా ఒకటే, సాంబారువాళ్లం, అందరం కలిస్తే గుప్పెడు లేము, ఊళ్లో వదిలేసి వచ్చిన గొడవని పుస్తకంలో పెట్టి ఇక్కడికి మోసుకురావడం దేనికి అన్నారు. అదీగాక ఆ తరగతిలోనే కాలనీ వీధులు ఊడ్చే ఆవిడ కూతురు కూడా చదువుతోంది, ఆ పిల్ల చిన్నబుచ్చుకోదా అని దాని మీద జాలి కూడా పడ్డారు. పేజీలు చింపేద్దామని ఒకరన్నారు. చింపడమా, సరస్వతి కాదూ అని అందరూ లెంపలేసుకున్నారు. కాలు తగిలితేనే కళ్లకద్దుకునే జాతి కదా మనది! ఆఖరికి అంటించెయ్యమని మావగారు తీర్పిచ్చారు, ఆ పని కోడలిగా నా నెత్తిన పడింది.

ఇక్కడి బియ్యంతో గంజి చిక్కగా వస్తుంది, అది వెన్నలా కాచి, ఆ పాఠమున్న ఎదురెదురు పేజీల అంచులకి రాసి, ప్రతి పుస్తకం మీదా రోలుబండ పెట్టి ఆరబెట్టాను. దానికి మా అత్తగారి మెప్పు కూడా పొందాను.

అయితే మేమంతా కలిసి చేసిన తెలివితక్కువతనం ఏమిటంటే, పిల్లల సంగతి మరిచిపోవడం. వద్దన్న కుండలోనే కదా చెయ్యి పెడతారు! అచ్చు చూస్తే ఆవలించే వెధవలు, పెన్సిలు దూర్చి పై అంచు విప్పి, ఒంటికన్నుతో లోపలికి చూస్తూ, నేనెన్నడూ చెప్పించలేనంత శ్రద్ధగా ఒత్తులతో సహా చదివేశారు. ఊడ్చే ఆవిడ కూతురికి మాత్రం ఎవరూ చదవనివ్వలేదట, ఇది మీ గురించేలే అన్నారట.

మర్నాడు సాయంత్రం ఆ పిల్ల తల్లి మా క్వార్టరు పెరటి గుమ్మం దగ్గరికొచ్చింది. రేపట్నుంచి పిల్లని బడి మాన్పించి తనతో పనికి తీసుకుపోతానని చెప్పడానికి వచ్చింది.

“మా గురించి బుక్కులో ఏటి రాసినారు టీచరమ్మా? అంటించి బంద్ చేసీసినారంటే, అంత గలీజుగా రాసినారా?”

నా వాచకం తెచ్చాను. తడిగుడ్డ పెట్టి పేజీలు విప్పి, మెట్టు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని నిలబడే వింది.

“ఇంతేనా? ఇది మాకు ఎరుకే కదమ్మా. ఎరగనోలికి గదా సెప్పాల,” అంది. ఆ పాఠం అందరి ముందూ చెబితేనే పిల్లని పంపుతాననీ, లేకపోతే లేదనీ అంది.

ఆ రాత్రి మావగారికి చెప్పాను. చెప్పదలుచుకుంటే రాజీనామా ఇచ్చి చెప్పమన్నారు. సరేనన్నాను. నాకూ ముక్కు మీదే కోపం, అప్పుడు వయసు కూడా ఉంది. మర్నాడు పిల్లలందరిచేతా తడిగుడ్డలతో పేజీలు విప్పించి, ఆ పిల్లని మొదటి బెంచీలో కూర్చోబెట్టి, దాని చేతే పాఠం చదివించాను. రాజీనామా కాగితం టేబులు మీద పెట్టి ఇంటికొచ్చేశాను.

కమిటీ కొత్త టీచరు కోసం రాయపూరంతా గాలించింది. తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడు, చదివేవాళ్లేరీ! ఆఖరికి పక్క ఊరు తిల్దా నుంచి రైసుమిల్లు గుమాస్తా ఒకాయన్ని పట్టుకొచ్చారు, ఆయన సంయుక్తాక్షరం కనబడగానే దగ్గేవాడట. నాలుగో రోజు పొద్దున మావగారు నా వైపు చూడకుండా, బడిగంట పదింటికని మా అత్తగారితో గట్టిగా అన్నారు. నేను చీర మార్చుకుని వెళ్లిపోయాను. ఆ పిల్ల మా బడిలో అయిదు పూర్తి చేసి హైస్కూలుకి వెళ్లింది. ఆ పాఠం నేను రిటైరయ్యేదాకా ఏటా చెప్పాను, ఏ ఒక్కరూ నోరెత్తలేదు.

ఈ గెలుపు కథ అయినవాళ్లందరికీ వందసార్లు చెప్పుంటాను, మొన్న కోడలికీ చెప్పాను. చెప్పని ముక్క ఒకటుంది. ఆ సాయంత్రం పాఠం విన్నాక ఆవిడ మంచినీళ్లడిగింది. పెరటిగోడ మీద ఆవిడ కోసమని విడిగా ఉంచిన సత్తుగ్లాసులో, చెంబు తగలకుండా పైనుంచి పోశాను. తాగి, తానే కడిగి, గోడ మీద బోర్లించి వెళ్లింది. విప్పిన పుస్తకం ఇంకా నా చంకలోనే ఉంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఆ క్వార్టరు ఖాళీ చేసేదాకా ఆ గ్లాసు ఆ గోడ మీదే ఉంది.

కాలం మారింది, కాదనను. బడి మూతపడింది, మావగారి తరం వెళ్లిపోయింది, ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ వేరే గ్లాసు లేదు. అయినా మా పనమ్మాయి ఊరి చివర ఉర్లా అవతలనుంచి వస్తూ తన నీళ్లసీసా తానే తెచ్చుకుంటుంది. మూడేళ్లయింది. ఎందుకని నేనింతవరకూ అడగలేదు.